కూర్చున్న తండ్రి – వెదకిన తండ్రి



"సినిమాలలో దేవుని ప్రేమ ఎక్కడ కనిపిస్తుందండీ?" అని మీలో కొందరు అడుగవచ్చు. మేము కూడా చాలా ఏళ్లపాటు ఆ మాటే అన్నవాళ్లము. మా ఇంట్లో పిల్లలెవరైనా సినిమా మాట ఎత్తితే ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక హెచ్చరిక తప్పక ఉండేది. 1978లో విజయచందర్‌గారు యేసు ప్రభువుగా నటించిన 'కరుణామయుడు' వచ్చినప్పుడు మాత్రం సంఘస్థులతో కలిసి వెళ్లి చూశాము. తరువాత ఊళ్లలో తెల్ల దుప్పటి కట్టి ఆ చిత్రమును వేసినప్పుడు, సిలువ దృశ్యము దగ్గర మతభేదము లేకుండా ఆడవాళ్లందరూ కొంగుతో కళ్లు తుడుచుకోవటం కళ్లారా చూశాము. అది ఒక్కటే మాకు మినహాయింపు. మిగిలిన సినిమాలన్నిటినీ గుమ్మము బయటే ఉంచాము.

ఆ గుమ్మము బయటే మా చిన్నబ్బాయిని కూడా ఉంచాము. ఆ సంగతి చెప్పటానికే ఇది వ్రాస్తున్నాము.

మాలో ఒకరు బడిపంతులుగా పని చేసి రిటైరయ్యారు. ఇంకొకరు ఇల్లు చక్కబెట్టుకుంటూ స్త్రీల సమాజములో పరిచర్య చేశారు. దేవుడు మాకు ముగ్గురు బిడ్డల నిచ్చాడు. అమ్మాయి, పెద్దబ్బాయి చదువులో ముందుండేవారు. చిన్నవాడికి మాత్రం పుస్తకము తెరిస్తే నిద్ర, పాత రేడియో విప్పితే మెలకువ. "పంతులుగారి అబ్బాయికే లెక్కలు రావట" అని ఊళ్లో నలుగురూ అనుకుంటుంటే మాకు తల కొట్టేసినట్టుండేది. మొద్దు అన్నాము, దున్నపోతు అన్నాము, అన్నతో పోల్చి చిన్నబుచ్చాము. బెత్తము కూడా విరిగింది. 1998లో వాడు ఇంటర్ తప్పాడు. ఆ రాత్రి అన్న మాటలు ఇక్కడ వ్రాయలేము. మరుసటి ఏడు ఒక చిన్న సంచి పట్టుకొని హైదరాబాదు వెళ్లిపోయాడు. 2004లో మాకు చెప్పకుండానే పెండ్లి చేసుకొన్నాడు. అప్పటినుండి మేము వాడి పేరు ఎత్తటం మానుకొన్నాము.

కొట్టిన చెయ్యి మాలో ఒకరిది. చూస్తూ కూడా నోరు మెదపనివారు ఇంకొకరు. అందుకే ఈ సాక్ష్యములో ఎవరి వంతు ఎంత అని లెక్కలు వేయకుండా 'మేము' అనే వ్రాస్తున్నాము.

అయినా మేము ప్రార్థన మానలేదు సుమా! లూకా సువార్త 15వ అధ్యాయము మాకు కంఠతా వచ్చు. తప్పిపోయిన కుమారుని గూర్చి ఆదివారపు బడిలో ఎన్నిసార్లు బోధించామో లెక్క లేదు. "ఆ చిన్నవాడు బుద్ధి తెచ్చుకొని వచ్చినట్టు మా వాడు కూడా బుద్ధి తెచ్చుకొని రావాలి ప్రభువా" అని ప్రార్థించేవాళ్లము. మేము తండ్రి స్థానములో కూర్చొని ఎదురుచూస్తున్నామనే అనుకొన్నాము.

2010 వేసవి సెలవులకు మా అమ్మాయి తన ఇద్దరు పిల్లలతో రాజమండ్రి నుండి వచ్చింది. మనుమరాలికి తొమ్మిదేళ్లు, మనుమడికి ఆరు. వస్తూ వస్తూ ఒక డి.వి.డి. ప్లేయరు, కొన్ని సినిమాలు తెచ్చింది. "పిల్లలు ఎండలో తిరగకుండా ఉంటారు నాన్నా. కుటుంబమంతా కూర్చొని చూడదగినవే ఏరి తెచ్చాను. మీరూ కూర్చోండి, చూసిన తరువాత మాట్లాడుకుందాము" అన్నది. మేము ముఖాలు చూసుకొన్నాము. మనవల ముచ్చట కాదనలేక సరే అన్నాము.

ప్రియులారా, దేవుడు కథ ద్వారా మాట్లాడటం క్రొత్త కాదు. దావీదు పాపము చేసినప్పుడు నాతాను ప్రవక్త నేరుగా గద్దించలేదు. ఒక పేదవాడు, వాడు బిడ్డలా పెంచుకొన్న ఒక్క గొఱ్ఱెపిల్ల, దానిని లాక్కొన్న ధనవంతుడు – ఈ కథ చెప్పాడు. దావీదు ఆ ధనవంతుని మీద మండిపడ్డాక, ఆ మనుష్యుడు ఎవరో వ్రేలు పెట్టి చూపించాడు. కథ వింటున్నప్పుడు మనము కాపలా తీసి కూర్చుంటాము. అప్పుడే వాక్యము లోపలికి వస్తుంది. ఆ వేసవిలో మాకు జరిగింది అదే.

మొదటి శనివారము 'తారే జమీన్ పర్' పెట్టారు. 2007లో వచ్చిన హిందీ చిత్రము. అమ్మాయి ప్రక్కన కూర్చొని తెలుగులో చెబుతూ వచ్చింది. ఇషాన్ అనే పిల్లవాడికి అక్షరాలు కుదురుగా నిలబడవు, కళ్లముందు గంతులు వేస్తాయి. దానికి డిస్లెక్సియా అని పేరు. అది తెలివితక్కువతనము కాదు, చదవటములో వచ్చే ఒక ఇబ్బంది. తండ్రికి అది తెలియక, వాడు సోమరి అనుకొని దూరాన హాస్టలుబడిలో పడవేస్తాడు. బంగారములాంటి బొమ్మలు వేసే ఆ పిల్లవాడు అక్కడ బొమ్మలు వేయటం కూడా మానేస్తాడు.

ఆ పిల్లవాడి పుస్తకము అంచుల్లో చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. పేజీలు గబగబా తిప్పితే ఆ బొమ్మలు కదులుతాయి. ఒక కుటుంబము ఉంటుంది. తిప్పుతున్నకొద్దీ అందులో ఒక పిల్లవాడు మిగిలినవారి నుండి దూరమైపోతుంటాడు. క్రొత్తగా వచ్చిన డ్రాయింగు మాస్టారు నికుంభ్ ఆ పుస్తకమును తల్లికి చూపిస్తాడు. ఆ దృశ్యము వచ్చేసరికి మా ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరు చూడలేదు. ఆ పేజీలు మా ఇంట్లోనివే అనిపించింది.

ఇంకొక సంగతి కూడా మా మనస్సులో నాటుకుపోయింది. ఆ మాస్టారు తరగతిలో ఇలాంటి ఇబ్బంది పడి గొప్పవారైనవాళ్ల కథలు చెప్పి, పిల్లలందరూ బయటికి వెళ్లాక, ఇషాన్‌తో మాత్రమే చెబుతాడు – చిన్నప్పుడు తనకూ ఇదే బాధ ఉండేదని. ఆ పిల్లవాడి బరువు అతనికి తెలుసు, ఎందుకంటే ఆ బరువు తానూ మోశాడు. మన ప్రధానయాజకుడైన యేసు మన బలహీనతలలో మనతోపాటు అనుభవించినవాడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో చదువుతాము కదా! దేవుడు పైనుండి "ఎందుకు రాదు నీకు?" అని గద్దించి ఊరుకోలేదు. మన తరగతి గదిలోకి దిగివచ్చి మన ప్రక్కన కూర్చొన్నాడు. మేము మా బిడ్డ ప్రక్కన ఒక్కరోజైనా అలా కూర్చొన్నామా? వాడు రేడియో విప్పినప్పుడు "ఏం చేస్తున్నావురా?" అని ప్రేమగా అడిగామా? ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

రెండవ శనివారము 'సీతారామయ్యగారి మనవరాలు'. 1991లో క్రాంతికుమార్‌గారు తీసిన చిత్రము. అక్కినేని నాగేశ్వరరావుగారు తాతగా, మీనా మనవరాలిగా, రోహిణీ హట్టంగడి నాయనమ్మగా నటించారు. అది హిందూ కుటుంబపు కథ, అందులోని ఆచారాలు వేరు. అయినా ఆ తాతగారి పంతము మాత్రం మాకు బాగా తెలిసినదే. కుమారుని పెండ్లి విషయములో మాట పట్టింపు వచ్చి, ఆయన కొడుకుతో మాట్లాడటమే మానేస్తాడు. కొడుకు అమెరికా వెళ్లిపోతాడు. ఏళ్లు గడిచాక మనవరాలు సీత వస్తుంది. తన తల్లిదండ్రులు చనిపోయిన సంగతి కడుపులో దాచుకొని, నవ్వుతూ ఆ ఇంట్లో తిరుగుతుంది. తాతగారి మనస్సు మెల్లగా కరుగుతుంది. కాని ఆయన క్షమించి పిలుద్దామన్నా పిలుపు వినే కొడుకు లేడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చీకట్లో మాలో ఒకరు నెమ్మదిగా అన్నారు: "మన వాడికి ఏమన్నా అయితే మనకు ఎవరు చెబుతారు?" రెండవవారు చాలాసేపటికి జవాబిచ్చారు: "వాడు రావాలి కదా." ఆ జవాబులో పస లేదని ఇద్దరికీ తెలుసు. క్షమాపణకు కూడా ఒక వేళ ఉన్నది. సూర్యుడు అస్తమించేవరకు కోపము నిలువనీయవద్దని ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు హెచ్చరించాడు. మా కోపము మీద పదకొండేళ్ల సూర్యుళ్లు అస్తమించాయి.

మూడవ శనివారము పిల్లల వంతు. 'ఫైండింగ్ నీమో' అనే ఇంగ్లీషు బొమ్మల సినిమా, 2003లో వచ్చినది. చేపల కథ అంటే పిల్లల కాలక్షేపమే కదా అని, మాలో ఒకరు చిక్కుడుకాయలు ముందు వేసుకొని కూర్చొన్నారు. మనుమరాలు కథ చెబుతూ వచ్చింది.

మార్లిన్ అనే చేప కాపురము మీద ఒక పెద్ద చేప వచ్చి పడుతుంది. భార్య పోతుంది, గ్రుడ్లన్నీ పోతాయి, ఒక్క గ్రుడ్డు మిగులుతుంది. అదే నీమో. వాడికి ఒక రెక్క చిన్నది. అందుచేత తండ్రికి ఎప్పుడూ భయమే, అడుగడుగునా "నీవల్ల కాదు" అంటుంటాడు. ఒకరోజు నలుగురిలో ఆ మాట అనేసరికి పిల్లవాడు రోషపడి, నాన్న అంటే తనకు ఇష్టము లేదని ముఖముమీదే చెప్పి, వద్దన్న పడవ దగ్గరకు ఈది వెళతాడు. అక్కడ మనుష్యులకు చిక్కుతాడు. ఎక్కడో సిడ్నీ నగరములో ఒక పళ్ల డాక్టరు గదిలోని గాజు తొట్టెలో పడతాడు.

అప్పుడు గుమ్మము దాటటానికే భయపడే ఆ తండ్రి మహాసముద్రములోకి బయలుదేరుతాడు. సొర చేపలు, ఒళ్లు కాల్చే జెల్లీ చేపలు, చీకటి లోతులు – దేనికీ వెనుదిరుగడు. ఆ కబురు ఒక చేప నుండి ఇంకొక చేపకు, చేపల నుండి పక్షులకు ప్రాకి, చివరకు ఒక పెలికాన్ పక్షి కిటికీ దగ్గర వాలి తొట్టెలోని నీమోకు చెబుతుంది – మీ నాన్న నీకోసము సముద్రమంతా దాటుకొని వస్తున్నాడని. అంతవరకు ఆశ వదులుకొన్న పిల్లవాడు ఆ మాట వినగానే మారిపోతాడు. ముందు ప్రాణము మీదికి తెచ్చిన పనికే మళ్లీ ధైర్యముగా పూనుకొని, ఈసారి సాధిస్తాడు. తొట్టె అదే, నీళ్లు అవే, చిన్న రెక్క కూడా అదే. తనకోసము తండ్రి బయలుదేరాడన్న కబురు మాత్రమే క్రొత్తది.

సువార్త అంటే ఏమిటో మేము ముప్పై ఏళ్లు బోధించాము. ఆ పక్షి కిటికీలో వాలినప్పుడే మాకు బాగా అర్థమైంది. సువార్త అంటే కబురు. నీవు మారితే తండ్రి ఒప్పుకుంటాడన్నది ఆ కబురు కాదు. తండ్రి నీకోసము అప్పుడే బయలుదేరాడు, దారిలో దెబ్బలు కూడా తిన్నాడు – ఇదీ ఆ కబురు.

సినిమా అయిపోయింది. మనుమరాలు తాతగారి దగ్గరకు జరిగి కూర్చొని అడిగింది: "తాతయ్యా, నీమో వాళ్ల నాన్నను ఇష్టం లేదన్నాడు కదా. అయినా ఆయన వెళ్లాడు. మరి చిన్న మామయ్యను వెతకటానికి నువ్వెందుకు వెళ్లలేదు?"

వాళ్ల అమ్మ "ష్, ఊరుకోవే!" అన్నది. కాని ఆ మాట అప్పటికే లోపలికి దిగిపోయింది. ఒడిలో చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు మా ఇంటికి వచ్చిన నాతాను ప్రవక్తకు తొమ్మిదేళ్లు, రెండు జడలు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా 15వ అధ్యాయము మొదటినుండి చదివాము. కంఠతా వచ్చిన అధ్యాయమే, ఆ రోజు క్రొత్తగా కనిపించింది. కాపరి తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి వెళ్లాడు, కూర్చోలేదు. స్త్రీ దీపము వెలిగించి ఇల్లు ఊడ్చింది, నాణెము దానంతట అది దొరుకుతుందని ఊరుకోలేదు. ఇక తండ్రి సంగతి. ఆయన ఇంటి దగ్గరే ఉన్నాడు నిజమే. అయితే కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే చూశాడు, పరుగెత్తాడు. మన ఊళ్లో పంచె కట్టిన పెద్దమనిషి నలుగురూ చూస్తుండగా వీధిలో పరుగెత్తుతాడా? పరువు అడ్డము వస్తుంది. ఆ తండ్రికి పరువు అడ్డము రాలేదు. అంతేకాదు, పెద్ద కుమారుడు అలిగి బయట నిలబడితే ఆయన మళ్లీ వెలుపలికి వచ్చి బ్రతిమాలాడు. ఒక్క రోజులో రెండుసార్లు గడప దాటిన తండ్రి ఆయన. పదకొండేళ్లలో మేము ఒక్కసారి కూడా దాటలేదు. తండ్రి స్థానములో ఉన్నామనుకొన్న మేము అలిగిన పెద్ద కుమారుని స్థానములో నిలబడి ఉన్నాము.

అప్పుడు మా అమ్మాయి కళ్లనీళ్లతో ఒక సంగతి బయటపెట్టింది. తమ్ముడితో తాను మొదటినుండి మాట్లాడుతూనే ఉన్నది. వాడి చిరునామా, ఫోను నంబరు అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. "మీరు ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను నాన్నా" అన్నది.

మూడవ రోజు రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. తెల్లవారి సికింద్రాబాదులో దిగి, బాలానగర్ వైపు ఆటోలో వెళ్లాము. ఇంటినుండి తెచ్చిన పూతరేకుల పెట్టె ఒడిలో పెట్టుకొని దారి పొడుగునా ఒకటే ప్రార్థన: "ప్రభువా, వాడు తలుపు వేసుకొంటే, ఆ తలుపు దగ్గర నిలబడే కృప మాకు ఇవ్వు."

అది ఒక చిన్న మోటారు వైండింగ్ షాపు. వాడు నేలమీద కూర్చొని కాలిపోయిన మోటారులో నుండి రాగితీగ లాగుతున్నాడు. చేతులనిండా గ్రీజు. తలెత్తి చూశాడు. జుట్టు అక్కడక్కడ నెరిసింది. మా బిడ్డకు జుట్టు నెరవటం మేము చూడలేదు.

దారిలో అనుకొన్న మాటలన్నీ మరచిపోయాము. "నీకోసమే వచ్చాము రా. తప్పు మాది" అని మాత్రం నోట వచ్చింది. వాడు లేచి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. చేతులు గుడ్డకు తుడుచుకొన్నాడు, మళ్లీ తుడుచుకొన్నాడు. తరువాత అడిగాడు: "టిఫిన్ చేశారా?"

అంతే. సినిమాలోలాగా సంగీతము లేదు, కౌగిలింతలు లేవు. వాడి వెనుక మూడంతస్తులు మెట్లు ఎక్కి ఒక గదిలోకి వెళ్లాము. కోడలు కంగారుగా కొంగు సర్దుకొని స్టవ్ వెలిగించింది. తలుపు చాటునుండి ఒక నాలుగేళ్ల పాప మమ్మల్ని చూస్తున్నది. "ఎవరు నాన్నా వీళ్లు?" అని అడిగింది. వాడు కొంచెము ఆగి, "తాతయ్య, నాయనమ్మ" అన్నాడు. ఆ ఉప్మా రుచి ఈనాటికీ మరచిపోలేదు.

ఒక్క ప్రయాణముతో అంతా సరియైపోయిందని చెబితే అది అబద్ధ సాక్ష్యము అవుతుంది. ఆ యేడు క్రిస్మసుకు వాడు కుటుంబముతో వచ్చి ఒక్కరోజు ఉండి వెళ్లాడు. మరుసటి యేడు మూడు రోజులు ఉన్నాడు. తండ్రి గదిలోకి వస్తే ఇప్పటికీ వాడు లేచి నిలబడతాడు. అది గౌరవమా, పాత భయమా అని మాకు ఒక్కొక్కసారి సందేహము. పదిహేడేళ్లు నూరిపోసిన మాటలు ఒక్క "తప్పు మాది"తో కడిగివేయబడవు. అయితే వాడు వచ్చినప్పుడల్లా మా బావి మోటారు విప్పి, శుభ్రము చేసి, మళ్లీ బిగించి వెళతాడు. ఇప్పుడు మేము ప్రక్కన స్టూలు వేసుకొని కూర్చొని, "ఏం చేస్తున్నావురా?" అని అడుగుతాము. వాడు చెబుతాడు. సగము అర్థము కాదు. అయినా వింటాము.

ప్రియ పాఠకులారా, సినిమాలన్నీ మంచివని మేము చెప్పటము లేదు. వాక్యము స్థానములో ఏ చిత్రమూ నిలువదు. నీమో తండ్రిలోనూ లోపాలున్నాయి, పరలోకపు తండ్రికి అతడు సాటి కాడు. అయినా అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో నిలబడి, ఆ జనుల కవుల మాటలనే ఆధారము చేసుకొని సజీవుడైన దేవుని ప్రకటించాడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో ఉన్నది. లోకములో ఎక్కడ నిజమైన ప్రేమ ఛాయ కనిపించినా, దాని మూలము ఎక్కడున్నదో పిల్లలకు చూపించే బాధ్యత మనదే.

మా అనుభవము మీకు ఉపయోగపడుతుందేమోనని మూడు మాటలు చెబుతాము. పిల్లలకు చూపించే చిత్రమును ముందు పెద్దలు చూసి ఎన్నుకొనండి. పిల్లలను టీవీ ముందు వదిలి లేచిపోకుండా వారితో కలిసి కూర్చొనండి. అయిపోయాక పావుగంట మాట్లాడుకొనండి: ఇందులో ఎవరు ఎవరిని ప్రేమించారు? ఆ ప్రేమకు ఎంత వెల పెట్టారు? దేవుని ప్రేమ దీనికన్నా ఎలా గొప్పది? పిల్లలు చెప్పే జవాబులు వినండి. వాళ్లు తిరిగి అడిగే ప్రశ్నలకు సిద్ధపడి ఉండండి. మా మనుమరాలు అడిగిన ప్రశ్నకు మేము సిద్ధముగా లేము, అయినా ప్రభువు దానిని వాడుకొన్నాడు.

ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా పేరు ఎత్తని బిడ్డ ఒకరున్నారా? మాట్లాడని తమ్ముడో, రానివ్వని చెల్లెలో ఉన్నారా? వారు బుద్ధి తెచ్చుకొని రావాలని మీరు ప్రార్థిస్తూ ఉండవచ్చు. ప్రార్థన మానవద్దు. ప్రార్థన అయ్యాక మాత్రం లేచి, చిరునామా ఎవరి దగ్గర ఉన్నదో అడగండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము నీకు ఇంకా దూరముగా ఉండగానే నీ కుమారుని మాకొరకు పంపినందుకు స్తోత్రము. మా పరువును, పంతమును విడిచి గడప దాటే ప్రేమను మాకు దయచేయుము. మా మాటలవలన గాయపడిన బిడ్డలను స్వస్థపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.